పంచకల్యాణికి ఒక్కటి తక్కువ

సినిమాలో గుర్రానికి ఆకలి వెయ్యదు. మీరెప్పుడైనా గమనించారో లేదో! హీరో కోట గోడ మీంచి ఒక్క దూకున దాని వీపు మీద కూచుంటాడు. కొండలు, కోనలు, వాగులు, వంకలు దాటిస్తాడు. నడుమ ఓ యుగళగీతం కూడా అయిపోతుంది. రాకుమారి చేతిలో పళ్ళు తినేది హీరోగారే గాని, పాపం, ఆ గుర్రం గుక్కెడు నీళ్ళు తాగగా ఏ రీలులోనూ చూళ్ళేదు నేను. పైగా దాని మొహం తెర మీద కనబడిందంటే సకిలింపు వినబడి తీరాలి. సౌండు ఇంజనీరుగారికి అదేం సరదాయో!

మా ఇంట్లో రెండు గుర్రాలున్నాయి. తల్లీ కూతుళ్ళు. అవి సకిలించేది రోజు మొత్తం మీద రెండే రెండు సందర్భాల్లో. నా మోటారు సైకిలు చప్పుడు కాలువ మలుపులో వినబడినప్పుడొకటి, ఉలవల డబ్బా మూత తీసినప్పుడొకటి. తక్కిన కాలమంతా నోరు తిండితోనే సరిపోతుంది.

బాన్సువాడ దగ్గర, నిజాంసాగర్ కాలువ కింద మాకున్నది రెండున్నర ఎకరాలు. రెండెకరాల్లో వరి. మిగిలిన అర ఎకరం వీటి గడ్డి. "అర ఎకరం భూమి గుర్రాలకు రాసిచ్చిన జమీందారువు నువ్వేరా" అని బాపు దెప్పని రోజు లేదు. కానీ ఈ పిచ్చికి మూలపురుషుడు ఆయనే సుమండీ! చిన్నప్పుడు టూరింగు టాకీసులో కాంతారావు సినిమా వస్తే, నేల టిక్కెట్టు కొనుక్కుని, ఇంటికొచ్చాక ఎద్దు మీదెక్కి కత్తి తిప్పినవాడు మా బాపు. కాంతారావు మన నల్లగొండ జిల్లా మనిషని తెలిసిన రోజున ఆయన మీసం ఇంకో అంగుళం పైకి లేచిందట. నా తరం వచ్చేసరికి మా ఇంట్లో టీవీ వచ్చింది. అందులో 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) వేసినప్పుడల్లా నేను దాని ముందునుంచి కదిలేవాణ్ణి కాదు. కృష్ణ టోపీ, తుపాకీ అందరికీ కావాలి. నాకు మాత్రం ఆ ఎడారిలో ఇసుక చిమ్ముకుంటూ పోయే ఆ నాలుగు కాళ్ళే కావాలి. అదే సినిమా 2023లో మళ్ళీ థియేటర్లకు వస్తే బాపునూ తీసుకెళ్ళాను. హాలంతా ఈలలు వేస్తుంటే ఆయన నా చెవిలో అన్నమాట ఇదీ: "వీటికి లాడాలు ఎవరు కొట్టిన్రో గాని..."

ఇక కొన్న కథ. నాందేడు జిల్లాలో మాళేగావ్ అని ఊరుంది. ఖండోబా దేవుడి జాతర. మార్గశిరంలో మొదలవుతుంది. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు, ఎడ్లు... మహారాష్ట్ర నుంచేగాక మన వైపు నుంచీ బేరగాళ్ళు దిగుతారు. 2013లో వడ్లు అమ్మిన డబ్బు నడుముకు కట్టుకుని వెళ్ళాను. అక్కడ గుర్రాన్ని కొనేవాడు ముందు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. రెండున్నర ఏళ్ళకు పాలపళ్ళు ఊడటం మొదలై, అయిదో ఏటికి నిండుపళ్ళు అవుతాయి. అబద్ధం చెప్పే వీల్లేని జన్మపత్రిక అది. ఆ తర్వాత సుడులు చూస్తారు. మెడ మీద సుడి ఉంటే మంచిదనీ, ఫలానా చోట ఉంటే ఇల్లు గుల్ల అవుతుందనీ పెద్ద శాస్త్రం. ఆ తర్వాత రంగు. నాలుగు కాళ్ళకూ తెలుపు, మొహాన తెలుపు ఉంటే పంచకల్యాణి. జానపద సినిమాల పుణ్యమా అని ఆ పేరు మీకందరికీ తెలిసిందే. పంచకల్యాణి ధర అడగటానికి కూడా నా జేబుకు ధైర్యం చాలలేదు.

ఓ మూల ఎర్ర గోడిగ ఒకటి నిలబడి ఉంది. గోడిగ అంటే ఆడగుర్రం. నుదుట తెల్లటి చుక్క. మూడు కాళ్ళకు తెల్ల మేజోళ్ళు తొడిగినట్టుంది. నాలుగో కాలి దగ్గరికొచ్చేసరికి బ్రహ్మగారి దగ్గర సున్నం అయిపోయింది కాబోలు! ఆ ఒక్క కాలు వల్ల దాని ధర సగానికి సగం పడిపోయింది. బేరగాడు తువ్వాల కింద నా వేళ్ళు పట్టుకుని అంకె చెప్పాడు. నేను ఇంకో వేలు మడిచాను. డీసీఎంలో ఎక్కించి తెల్లవారేసరికి ఇల్లు చేర్చాను. బాపు వాకిట్లో నిలబడి పై నుంచి కిందికి ఓసారి, కింది నుంచి పైకోసారి చూశాడు. "గుర్రమేంది బిడ్డా, మనమేమన్న రాజులమా?" అన్నాడు. అని ఊరుకున్నాడా? వెంటనే వెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. అలా వచ్చింది మా చుక్క.

వచ్చిన మూడు వారాలూ అది పడుకోలేదు. గుర్రం నిలబడే కునుకు తీస్తుందని అందరికీ తెలుసు. కాళ్ళ కీళ్ళకు గొళ్ళెం వేసినట్టు బిగించుకుని, పడిపోకుండా నిద్రపోగలదది. కాని గాఢనిద్ర కావాలంటే దానికీ నడుం వాల్చాల్సిందే. వాల్చాలంటే నమ్మకం కావాలి. మందలో ఉంటే ఒకటి పడుకుంటుంది, ఇంకొకటి కాపలా కాస్తుంది. ఒంటరి గుర్రానికి కాపలా ఎవరు? రాత్రి ఎప్పుడు టార్చి వేసి చూసినా కళ్ళు మెరుస్తూ, చెవులు తలో వైపు తిప్పుతూ, మెలకువగానే ఉండేది. చివరికి ఎవరో చెబితే ఓ మేకపిల్లను తెచ్చి పక్కన కట్టేశాను. నాలుగో రోజు పొద్దున పక్కింటి పిన్ని గోడ అవతలి నుంచి గొల్లున ఏడుపు: "ఓ అక్కా! మీ గుర్రం సచ్చిందే!" నిద్రమొహంతో పరుగెత్తాను. చుక్క నాలుగు కాళ్ళూ బార్లా చాపుకుని, మెడ నేలకేసి, నోరు కొంచెం తెరుచుకుని... గురక పెడుతోంది! మేకపిల్ల దాని పొట్టకానుకుని నెమరేస్తోంది. ఆ రోజు నేను దాన్ని లేపలేదు. పిన్నికి మాత్రం చాయ్ పోసి ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

ఆ మేక ఇప్పటికీ ఉంది. ఉలవల్లో వాటా తీసుకుంటుంది.

ఉలవలంటే గుర్తొచ్చింది. రోజూ వీటి సేవ ఎలా ఉంటుందని సినిమా పిచ్చి కుర్రాళ్ళు అడుగుతూ ఉంటారు. ముఖ్యంగా 2022లో 'ఆర్.ఆర్.ఆర్.' వచ్చాక! రామ్‌చరణ్ గుర్రం మీద, ఎన్టీఆర్ మోటారు సైకిలు మీద వంతెన దగ్గర చేసిన ఆ విన్యాసం చూసి, వారం తిరక్కుండా మా ఇంటికి సెల్ఫీల జాతర. "అన్నా, ఇది బండిని దాటుతదా?" అని ఒకడు. "దాటుతది. కాని పెట్రోలు పోసినట్టు ఒకసారి పోసి మూత పెట్టుడు కుదరదు" అన్నాను.

నిజంగానే కుదరదు. ఆవైతే గబగబా మేసి, తీరిగ్గా నెమరేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. ఇంత పెద్ద ఒంట్లో జీర్ణాశయం చిన్నది. పది, పదిహేను లీటర్లకు మించి పట్టదు. అంచేత అస్తమానం కొంచెం కొంచెం నములుతూ ఉండటమే దాని బతుకు. పచ్చిక బయలున వదిలేస్తే రోజులో పదిహేను గంటలు దానికదే పని. మన ఇంట్లో కట్టేసి, రెండు పూటలా బుట్టెడు పడేస్తే ఆరోగ్యం చెడుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదటి కట్ట జొన్న చొప్ప. ఎండిన చొప్పే సుమా, లేత జొన్న పైరు పశువులకు విషమని మా ఊళ్ళో చంటిపిల్లాడికీ తెలుసు. తర్వాత కాలువ గట్టు మీద గరిక మేత. పదింటికి లూసర్న్ గడ్డి. మధ్యాహ్నం మళ్ళీ చొప్ప. సాయంత్రం ఉడికించిన ఉలవలు, గోధుమ తవుడు, చిటికెడు ఉప్పు. పడుకోబోయే ముందు ఇంకో కట్ట. నీళ్ళు రోజుకు ముప్పై లీటర్లు తక్కువ కాకుండా తాగుతుంది. ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఉలవలు ఉడికిన నీళ్ళు వృథా పోనివ్వదు మా అమ్మ. చారు కాస్తుంది. ఉలవలు వాటికి, చారు మాకు. మా ఇంటికొచ్చిన చుట్టాలు "ఈ చారు రుచే వేరు వదినా" అని లొట్టలేస్తుంటే, ఎవరి ఎంగిలి అన్నం తింటున్నారో చెప్పాలా వద్దా అని నాకు ధర్మసందేహం.

తిన్నది ఊరికే పోదుగా. రోజుకు ఎనిమిది పదిసార్లు లద్దె. పొద్దున్నే చాట పట్టుకుని నేను చేసే మొదటి పని అదే. అది ఎన్ని కుప్పలుంది, గట్టిగా ఉందా, పలచగా ఉందా అని లెక్క చూసుకుంటాను. డాక్టరు చేతికి నాడి ఎంతో నాకు లద్దె అంత. తర్వాత గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళూ మట్టీ గోకి తీయాలి. నెలన్నరకోసారి నాల్‌బందు వచ్చి పెరిగిన గిట్ట చెక్కి లాడాలు కొడతాడు. మనం గోళ్ళు కత్తిరించుకున్నట్టే, నొప్పుండదు. ఆయన ముసలివాడయ్యాడు. కొడుకు ఆటో తోలుతున్నాడు. "నా తర్వాత మీ గుర్రాలకు చెప్పులు కుట్టేటోడు దొరకడు" అని వచ్చినప్పుడల్లా అంటాడు. ఆ మాట వింటే నాకు నిద్ర పట్టదు. వానాకాలం జోరీగలు. వాటి కాటుతో సర్రా అనే జ్వరం వస్తుంది. రక్తం విరిగి, గుర్రం ఎండిపోతుంది. అందుకని సాయంత్రం వేపాకు పొగ. ఇన్ని చేసి, స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని పెళ్ళికి వెళ్ళినా పక్కన కూచున్నాయన ముక్కు ఎగబీల్చి "మీది గుర్రాల ఇల్లా?" అంటాడు!

చుక్క సంపాదన పెళ్ళి ఊరేగింపులే. వరుడికి గోడిగనే అడుగుతారు. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా కామారెడ్డి, బోధన్, నిజామాబాదు తిరిగేవాళ్ళం. నా షరతులు రెండే. డీజే పెట్టె గుర్రానికి దూరంగా నడవాలి. కాళ్ళ దగ్గర టపాసులు కాల్చగూడదు. ఒప్పుకున్నవాడు ఒప్పుకున్నాడు, లేనివాడు వేరే గుర్రాన్ని చూసుకున్నాడు. డప్పుకు డ్యాన్సు చేయించమని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఆ డ్యాన్సు నేర్పడానికి కొందరు దాన్నెలా కట్టేసి కొడతారో చూసినవాణ్ణి, నేను నేర్పలేదు. చుక్క నడక చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది. ఇక 2020లో కరోనా వచ్చింది. వైశాఖం, జ్యేష్ఠం రెండు నెలల ముహూర్తాలూ గంగలో కలిశాయి. పెళ్ళిళ్ళు ఆగుతాయి గాని ఆకలి ఆగదే! ఆ ఏడు వడ్ల డబ్బులో మా బట్టలకు పోవాల్సింది వాటి దాణాకు పోయింది. అమ్మ ఒక్క మాట అనలేదు. బాపు అందరి వంతూ ఆయనే అన్నాడు.

ఇంతకీ మీరు ఎదురు చూస్తున్నది షూటింగు సంగతి కదూ! ఒక్కసారి పిలిచారు. ఏ సినిమా, ఎవరి సినిమా అని అడక్కండి. పొద్దున ఆరింటికి రమ్మన్నారు. షాటు సాయంత్రం నాలుగింటికి. ఆ పది గంటలూ ఎండలో నిలబడ్డది చుక్క, గొడుగు కింద కూచున్నది హీరోగారు. సరే, అది మామూలే. షాటు ముందు ఒకబ్బాయి పరుగెత్తుకొచ్చి, "బ్రదర్, ఒక్కసారి ముందు కాళ్ళు గాల్లోకి లేవాలి, హీరో ఎంట్రీ అదిరిపోవాలి, కళ్ళెం గట్టిగా గుంజండి చాలు!" అన్నాడు.

గుర్రం నోట్లో ముందుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. ఒట్టి చిగురు. కళ్ళెం ఇనుము ఆనేది అక్కడ. గట్టిగా గుంజితే అది లేచేది పౌరుషంతో కాదు, నొప్పితో. నేర్పిన గుర్రాలుంటాయి, సైగ చేస్తే లేస్తాయి. వాటిని తెచ్చుకోవచ్చు. ఇది పెళ్ళిళ్ళ గుర్రం. "గుంజను" అన్నాను. కాసేపు బతిమాలారు, కాసేపు విసుక్కున్నారు. చివరికి చుక్క తిన్నగా నడిచి వెళ్ళే షాటు తీసుకుని పంపించేశారు. సగం డబ్బిచ్చారు. మిగతా సగం సినిమా రిలీజయ్యాక అన్నారు. ఆ సినిమా ఇప్పటికీ రిలీజు కాలేదు!

హాలీవుడ్‌లో 1939లో 'జెస్సీ జేమ్స్' అనే సినిమా కోసం ఓ గుర్రాన్ని కొండచరియ మీంచి నీళ్ళలోకి పడేస్తే అది చచ్చిపోయింది. జనం గగ్గోలు పెట్టాక, ఆ మరుసటేడు నుంచి అక్కడ షూటింగుల్లో జంతువుల మీద నిఘా మొదలైంది. మన దేశంలో 2001లో నియమాలొచ్చాయి. జంతువును వాడాలంటే ముందుగా అనుమతి ఉండాలి. సినిమా మొదట్లో ఏ జంతువుకూ హాని జరగలేదని ఓ చీటీ పడుతుంది చూడండి, మీరు పాప్‌కార్న్ సర్దుకుంటూ ఉండే టైములో! నేను ఆ చీటీ మాత్రం పూర్తిగా చదువుతాను.

అసలైన క్లైమాక్సు మా ఇంట్లో 2019 ఆషాఢంలో జరిగింది. రాత్రి పదకొండింటికి చివరి కట్ట వెయ్యడానికి వెళితే, చుక్క మేత ముట్టలేదు. మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. ముందు కాలితో నేల తవ్వుతోంది. ఒళ్ళంతా చెమట. సాయంత్రం నుంచి లద్దె లేదు. గుండె జారిపోయింది. శూల! గుర్రానికి వాంతి చేసుకునే వీలు భగవంతుడు ఇవ్వలేదు. లోపలికి పోయింది కిందికి పోవాలి, లేదా ప్రాణం పోవాలి. డొక్కకు చెవి ఆనించాను. మామూలప్పుడు వాగు పారుతున్నట్టు గుడగుడమని చప్పుడు ఉంటుంది. ఆ రాత్రి ఏమీ లేదు.

పశువుల డాక్టరుగారికి ఫోను చేశాను. "పడుకుని దొర్లనివ్వకు. నడిపిస్తూ ఉండు, వస్తున్నా" అన్నారు. వానలో, గడ్డివాము చుట్టూ నడక. అది కూలబడబోతుంది, నేను లాగుతాను. బాపు లాంతరు పట్టుకుని వెనక. అప్పటికి దాని కూతురు మల్లికి మూడేళ్ళు. (పేరు పెట్టింది బాపే, పూర్తి పేరు మల్లీశ్వరి, ఏ సినిమా అభిమానమో చెప్పక్కర్లేదు.) పాకలోంచి అది ఒకటే అరుపు. సకిలింపు రెండు సందర్భాల్లోనేనని పైన రాశాను, ఇది మూడోది. డాక్టరుగారు స్కూటరు మీద తడుస్తూ వచ్చేసరికి రెండు. సూది వేశారు. ముక్కులోంచి గొట్టం పంపి, లిక్విడ్ పారఫిన్ పోశారు. "ఇక మన చేతిలో లేదు" అని అరుగు మీద కూచున్నారు. అమ్మ చాయ్ పెట్టింది. ఎవరం తాగలేదు.

నాలుగున్నరకు, రోజూ మొదటి కట్ట వేసే వేళకు, చుక్క ఆగిపోయింది. తోక ఎత్తింది. లద్దె! బాపు లాంతరు దగ్గరగా పెట్టి వంగి చూశాడు. ఆరేళ్ళు ఆ కంపు మీద నన్ను తిట్టిన మనిషి! "వేసింది బిడ్డా, వేసింది!" అని ఆయన అరిచిన అరుపుకు ఊరు లేచింది. డాక్టరుగారు చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి వెళ్ళిపోయారు.

ఇప్పుడు చుక్కకు పదిహేడు దాటాయి. ఊరేగింపులకు మల్లి వెళుతోంది. గుర్రం పాతికేళ్ళు, ఒక్కొక్కటి ముప్పై ఏళ్ళు బతుకుతుంది. అంటే ఇంకా ఎనిమిదీ పదేళ్ళు పైసా సంపాదన లేకుండా కూచోబెట్టి తిండి పెట్టాలి. రెండున్నర ఎకరాలవాడికి అది చిన్న లెక్క కాదు. దవడపళ్ళు అరిగి అంచులు కత్తుల్లా తేలితే, ఏడాదికోసారి డాక్టరుగారు ఆకురాయితో రాకి నున్న చేస్తారు. గడ్డి సరిగా నమల్లేక ఉండలు చేసి కింద పడేస్తోంది. అందుకని చొప్ప సన్నగా నరికి నానబెడుతున్నాం. ఉలవలు మెత్తగా చిదిమి పెడుతున్నాం. ట్రాక్టర్లొచ్చాక ఊళ్ళో ఎడ్లే లేవు, ముసలి గుర్రమెందుకని అందరూ అడిగేవాళ్ళే. అందరికంటే ముందు అడిగేది బాపు. "ఈసారి జాతరకు తోలుకుపో" అని పోయిన ఏడు పదిసార్లు అన్నాడు.

దసరా వెళ్ళాక ఓ బేరగాడు ఇంటికే వచ్చాడు. నేను పొలంలో ఉన్నాను. నేను వచ్చేసరికి చుక్క నోరు తెరిచి చూడటం, సుడులు వెతకడం అన్నీ అయిపోయాయి. బాపు మంచం మీద కూచుని బీడీ కాలుస్తున్నాడు.

"పటేలా, మూడు కాళ్ళే తెలుపు. పండ్లు అరిగినయ్. చెప్పు, ఎంతకిస్తవ్?"

"నాలుగు లక్షలు."

బేరగాడు తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. "ఈ ముసలిదానికా? ఆ పైసలకు జాతరల అసలు పంచకల్యాణి ఒస్తది!"

"అయితే పోయి అదే తెచ్చుకో" అన్నాడు బాపు. అతను నవ్వుతూ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఏదో అనబోయాను. బాపు నా వైపు చూడకుండా బీడీ ఆర్పి, "ఏం నిలబడ్డవ్? చొప్ప నానేసినవా లేదా?" అన్నాడు.